నన్ను పొమ్మన్న ఇల్లు

"ఫో!"

"ఆయ్, వెళ్ళొస్తానండీ."

బంగారమ్మ గారూ నేనూ ఆఖరిసారి అనుకున్న మాటలు ఇవే. మొదటిది ఆవిడది, రెండోది నాది. ఆవిడ నులక మంచం మీద ఉన్నారు, నేను గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాను. ఇద్దరం నవ్వుతున్నాం. మర్నాడు పొద్దున్నే ఆవిడ కన్నుమూశారు.

ఆ ఇంటికి మొట్టమొదటిసారి వెళ్ళినప్పుడు కూడా నాకు దొరికిన మాట అదే. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. మొదటిసారికీ ఆఖరిసారికీ మధ్య నా ఉద్యోగం దాదాపు అంతా ఉంది. దాని గురించే చెబుతున్నాను.

చెబుతున్నాను అన్నాను గానీ రాస్తున్నాను అనలేదు చూడండి. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు వచ్చు. అంతకు మించి అక్షరాలతో నాకు పెద్ద పరిచయం లేదు. రాస్తున్నది మా అన్నయ్య కూతురు శిరీష. నేను "వచ్చేరు" అంటే అది "వచ్చారు" అని దిద్ది రాస్తోంది. రాసుకోనీ. వచ్చే సోమవారం నుంచి అదీ నేను చేసిన పనిలోనే చేరుతోంది. "అత్తా, నాకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు చెప్పు" అంది. నాలుగు ముక్కలతో ఆగడం నాకు రాదు. కూర్చో మరి.

కబుర్లు వచ్చా?

ఆ పని ఏమిటంటే, మూడేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకి వారానికి ఒకసారి వెళ్ళాలి. తల్లి పక్కన కూర్చోవాలి. పిల్లతో ఎలా ఆడాలి, ఎలా మాట్లాడాలి, ఏది చూస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, ఇవన్నీ చెప్పాలి. కాగితాల మీద ఆ ఉద్యోగానికి బారెడు పేరుండేది. ఊళ్ళో మాత్రం "ఆటల సత్తెమ్మ" అనేవారు.

తొంభైల మధ్యలో సంగతి ఇది. మా ఆయన పోయిన రెండో ఏడు. పిల్లలు కలగలేదు. పి.గన్నవరంలో కొబ్బరి పీచు దగ్గర కూలికి వెళ్ళేదాన్ని. రాజమండ్రి నుంచి సుభద్ర గారని ఒక మేడం గారు వచ్చి ఈ పనికి మనుషుల్ని వెతుకుతున్నారు. తిరగాల్సింది ఏటి మధ్య లంకల్లో. చదువుకున్న అమ్మాయిలు ఇద్దరు చేరారట. ఒకామె పడవ చూసి వెనక్కి వెళ్ళింది, ఇంకొకామె పడవ దిగాక బురద చూసి వెళ్ళింది. మూడోదాన్ని నేను.

"చదువు రాదండీ" అన్నాను ముందే.

"కబుర్లు వచ్చా?"

"వచ్చండీ. ఆపడమే రాదు."

"రేపట్నుంచి రా" అన్నారు. అంతే నా ఇంటర్వ్యూ!

మొదటి ఇంట్లోనే బోర్లా పడ్డాను. సుభద్ర గారు చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాను. "శిశువు మెదడు వికసించు కాలమున" అంటూ మొదలుపెట్టి, మర్చిపోతానేమోనని కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. కళ్ళు తెరిచేసరికి పిల్లాడు నిద్రపోతున్నాడు. వాళ్ళమ్మ గోడకి ఆనుకుని నిద్రపోతోంది. వాళ్ళ తాత ఒక్కరే మేలుకుని, నా సంచీలోని రబ్బరు బంతి తీసి అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"ఇంతకీ ఏం అమ్ముతున్నావమ్మా?" అన్నారు.

మా సంచీలో బొమ్మల అట్టలు కూడా ఉండేవి. ఎలుగుబంటి, యాపిల్ పండు, రైలు. లంకలో ఒక తల్లి రైలు బొమ్మ పట్టుకుని "ఎక్కేరాండీ మీరు?" అని అడిగింది. "లేదండీ, మీరు?" అన్నాను. "నేనూ లేదండీ." ఇద్దరం కాసేపు ఆ రైలుని చూసి దణ్ణం పెట్టినంత పని చేశాం. ఆ మర్నాటి నుంచి అట్టలు నా ట్రంకుపెట్టెలో పడుకున్నాయి. కొబ్బరి చిప్పలు రెండు కొట్టుకుంటే చాలు, కొబ్బరాకు చుట్టి బూర చేస్తే చాలు, గిన్నె మీద మూత పెట్టి తీస్తే చాలు. పిల్లలకి అదే సర్కసు. శిరీషా, సంచీ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. ఇంట్లోకి వెళ్ళగానే ముందు పిల్లని చూడు. నీ పాఠం తరవాత.

దూది

ఇప్పుడు బంగారమ్మ గారి ఇల్లు. గన్నవరం రేవులో పడవ ఎక్కితే అవతల లంకలో ఉంటుంది. చుట్టూ కొబ్బరి తోట, మధ్యలో పెంకుటిల్లు, పెద్ద పెరడు, పెరడు నిండా కోళ్ళు. ఆవిడా భర్త పోయినవారే. కొడుకు శ్రీను నెమ్మదస్తుడు. కోడలు పద్మది సఖినేటిపల్లి. మనవరాలు చిట్టికి రెండేళ్ళు దాటాయి, ఒక్క మాట రాలేదు.

నేను వెళ్ళేసరికి చిట్టి పెరట్లో కోళ్ళ మధ్య కూర్చుని మట్టి పోగు చేసుకుంటోంది. "పిల్ల ఏమైనా అంటుందాండీ?" అని పద్మని అడిగాను. ఆ అమ్మాయి కల్లంలో ఉన్న అత్తగారి వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

నాకు అప్పటికి ఏడాది అనుభవం. ఏడాది అనుభవం ఉన్నవాళ్ళంత ప్రమాదమైన మనుషులు ఇంకెవరూ ఉండరు. అన్నీ తెలుసనుకుంటారు. కొబ్బరాకు చుట్టి బూర చేశాను. చిట్టి వెనకాలకి చేరి గట్టిగా ఊదాను. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. వీధిలో కుక్క మొరిగింది. చిట్టి కదల్లేదు. మళ్ళీ ఊదాను. ఊహూఁ.

"అయ్యో! పిల్లకి వినపడదండీ!" అని అరిచాను. నలుగురూ వినేలా, ఏదో కనిపెట్టేసినదానిలా.

బంగారమ్మ గారు కల్లంలోంచి వచ్చారు. "ఏమన్నావూ?"

"అదేనండీ, వినపడదేమో అనండీ..."

"కడుపున ఒక్క కాయ కాయనిదానివి. నా మనవరాలికి చెవుడని చెప్పడానికి ఏరు దాటొచ్చేవా? ఫో!"

వెళ్ళాను. గుమ్మం దాటుతుంటే పద్మ మీద పడ్డ మాటలు వెనకనుంచి వినపడ్డాయి. "మా వైపు చెవిటోళ్ళు లేరమ్మా. మీ వైపు ఎవరున్నారో కనుక్కుంటాను."

పడవ ఎక్కి కూర్చున్నానో లేదో, శ్రీను రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. "ఒక్క మాటండీ! తలంటేక మా అమ్మ పిల్ల చెవుల్లో నూనె దూది పెడతారండీ, చలిగాలి వెళ్ళకుండా. ఇవాళ ఇంకా తియ్యలేదండీ."

నేను పడవలోనే కూలబడ్డాను. పడవ ఊగింది. "ఏవండోయ్, మునుగుతామండీ!" అన్నాడు పడవతను. మునిగినా బాగుండును అనిపించింది.

సుభద్ర గారితో దాచకుండా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "రెండు తప్పులు చేశావు సత్తెమ్మా. చెవిలో చూడకపోవడం చిన్నది. పెరట్లో నిలబడి తీర్పు చెప్పడం పెద్దది. పద, ముందు చెవులు చూపిద్దాం" అన్నారు. శ్రీనునీ పద్మనీ పిల్లనీ అమలాపురం తీసుకెళ్ళి చెవుల డాక్టరు గారికి చూపించాం. చెవులు నిక్షేపంలా ఉన్నాయన్నారు.

నేను ఎగిరి గంతేసి ఆ కబురు చెప్పడానికి వెళితే, బంగారమ్మ గారు వాకిట్లోనే ఆపేశారు. "చెవులు బాగుంటే మాటలెందుకు రావు? తల్లి పెంపకం. రెండు దింపులు చూస్తాను. ఈలోగా పిల్ల నోరు విప్పలేదో, తల్లీపిల్లల్ని సఖినేటిపల్లి పంపేస్తాను. మాటలొచ్చేకే ఈ గుమ్మం ఎక్కేది. నువ్వు మాత్రం ఫో."

దింపు అంటే చెట్లెక్కి కొబ్బరికాయలు కోయించడం. ఆ తోటలో నెలన్నరకోసారి జరిగేది. అంటే పద్మకి ఉన్న గడువు మూడు నెలలు. ఆ గడువు పెట్టించింది నా బూర!

లాల

ఆ ఇంట్లో మాటలు ఎందుకు లేవో అప్పుడు ఆలోచించాను. శ్రీను తెల్లారితే తోటలో ఉంటాడు. పద్మ అత్తగారి ఎదుట గొంతెత్తదు. పిల్లకి అన్నం కావాలా అన్నా చేతితోనే అడుగుతుంది, నీళ్ళు కావాలా అన్నా చేతితోనే. ఇక బంగారమ్మ గారు. ఆవిడ కోడిని చూసి "ఫో", కాకిని చూసి "ఫో", తోటలోకి వచ్చిన ఆవుని చూసి "ఫో". రోజంతా ఆ ఇంట్లో గట్టిగా వినపడే మాట అదొక్కటే. పిల్ల ఏం నేర్చుకుంటుంది?

కానీ ఈ మాట ఆవిడతో ఎలా అంటాను? "మీరు పిల్లతో మాట్లాడండి" అంటే నన్ను ఏట్లో కలిపేస్తారు.

ఒకరోజు ఇంటి వెనక సందులోంచి వెళుతూ కొబ్బరాకు దడి మీదుగా చూశాను. బంగారమ్మ గారు నీళ్ళ గాబు పక్కన కాళ్ళు చాపుకుని, చిట్టిని కాళ్ళ మీద బోర్లా వేసుకుని లాల పోస్తున్నారు. ఎంత నేర్పున్న చెయ్యండీ అది! నలుగు పెడుతుంటే పిల్ల ఒళ్ళు వెన్నలా సాగుతోంది. అయితే నోట మాట లేదు. పని పనే.

"ఏంటి చూస్తున్నావ్?" అన్నారు తల ఎత్తకుండానే.

"లాలండీ."

"ఎప్పుడూ చూళ్ళేదా?"

"నాకు రాదండీ. నేను కనలేదు కదా, మీరే అన్నారు. పిల్లలున్న ఇళ్ళ చుట్టూ తిరిగేదాన్ని, లాల పొయ్యడం రాదంటే సిగ్గుచేటండీ. నాకు నేర్పండి."

ఆవిడ చెంబు దించారు. "దడి అవతల నిలబడితే ఏం కనపడుద్ది? రా ఇలా."

లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ చేసి చూపించారు.

"చూస్తే నాకు ఎక్కదండీ. చదువు రాని బుర్ర. ఒక్కొక్కటీ నోటితో చెప్పాలండీ."

"ఓసి నీ మొద్దు మొహం! ఇది చెయ్యి."

"ఆయ్, చెయ్యండీ."

"ఇది మోచెయ్యి. ఇక్కడ నూనె ఆగుద్ది, గట్టిగా రుద్దాలి."

"మోచెయ్యండీ. ఇదేంటండీ?"

"అది వీపే! నీకు లేదా వీపు?"

చిట్టి ఆవిడ నోటి వంకా నా నోటి వంకా మార్చి మార్చి చూస్తోంది. నాకు కావలసింది అదే. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. "మోచెయ్యి తరవాత ఏదండీ?" "నిన్నే కదే చెప్పేను!" "మర్చిపోయేనండీ." ఆవిడ మళ్ళీ మొదటినుంచి, ఇంకాస్త గట్టిగా చెప్పారు. ఆ మర్నాడూ అంతే. నాలాంటి తెలివితక్కువదాన్ని ఆవిడ జన్మలో చూడలేదట. పొరుగింటావిడకి కూడా చెప్పారట!

అదంతా నాటకమే అనుకోకు శిరీషా. ఆవిడ చేతిలో ఉన్న నేర్పు నాకు నిజంగానే లేదు. నిజంగానే నేర్చుకున్నాను. ఏ ఇంటికి వెళ్ళినా నీకంటే బాగా తెలిసినవాళ్ళు ఏదో ఒక విషయంలో ఉంటారు. అదేదో కనుక్కుని వాళ్ళ దగ్గర శిష్యరికం చెయ్యి. నువ్వు చెప్పాల్సింది వాళ్ళ నోటినుంచే వస్తుంది.

తరవాత పద్మని లాగాను. "అండీ, ఎన్ని చెంబులు పొయ్యాలో నాకు లెక్క తెలీడం లేదు. పద్మగారు తోడి లెక్క చెబితే బాగుంటుందండీ." పద్మ గొణుగుతూ "ఒకటి" అంది. బంగారమ్మ గారికి వినపడలేదు. "నోట్లో ఏం పెట్టుకున్నావు? గట్టిగా చెప్పు!" అని అరిచారు. "ఒకటీ!" అంది పద్మ. "రెండూ!" పెళ్ళయి నాలుగేళ్ళకి ఆ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో అత్తగారికి ఆరోజు తెలిసింది.

వారానికొకసారి వెళ్ళాల్సిన ఇంటికి రోజూ వెళుతున్నానని సుభద్ర గారికి కబురందింది. "ఇది రూల్సులో లేదు సత్తెమ్మా" అన్నారు. "ఒకసారి వచ్చి చూడండి" అన్నాను. వచ్చారు. గంజిపెట్టిన నూలు చీరతో తడి రాయి మీద కూర్చున్నారు. బంగారమ్మ గారు ఆవిడ చేతిలో కుంకుడు రసం గిన్నె పెట్టారు.

"నువ్వూ కనలేదా?"

"ఇద్దరండీ."

"మరి గిన్నె తిన్నగా పట్టుకోవేం? ఒలికిపోతోంది!"

తిరిగొచ్చేటప్పుడు పడవలో సుభద్ర గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "రూల్సు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు రోజూ వెళ్ళు" అన్నారు. ఆవిడ తరవాత ఒక సారు వచ్చారు. ఇంటికి నలభై నిమిషాలని గడియారం చూసేవారు. మంచివారే, కానీ ఒక్కరోజు పడవ ఎక్కలేదు. పై అధికారి ఎలాంటివారో తెలుసుకోవాలంటే తడి రాయి మీద కూర్చోబెట్టి చూడాలి. ఇంకే పరీక్షా అక్కర్లేదు.

రెండో దింపు

మొదటి దింపు అయిపోయింది. చిట్టి నవ్వుతోంది, "చెయ్యి" అంటే చెయ్యి చాపుతోంది, "వీపు" అంటే బోర్లా పడుకుంటోంది. నోరు మాత్రం విప్పలేదు. నాకు అన్నం సయించడం మానేసింది.

రెండో దింపు రోజు వచ్చింది. చెట్ల మీదినుంచి గెలలు దబ్బుదబ్బున పడుతున్నాయి. వాకిట్లో పద్మ అన్నగారు కూర్చుని ఉన్నారు. చెల్లెల్నీ మేనకోడల్నీ తీసుకెళ్ళమని కబురు వెళితే పొద్దున్నే సఖినేటిపల్లిలో బయలుదేరి వచ్చారు. పద్మ పెట్టె గుమ్మంలో ఉంది. పద్మ కళ్ళు చూడలేకపోయాను.

పెరట్లో బంగారమ్మ గారు గాబు పక్కన నిలబడి ఉన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి చేతకాదు, పిల్లని పంపడమూ చేతకావడం లేదు. "ఇవాళ నువ్వు పొయ్యి లాల" అన్నారు నాతో, మొహం అటు తిప్పుకుని. "ఇన్నాళ్ళూ నేర్చుకున్నావుగా."

కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. చిట్టిని నా కాళ్ళ మీద వేశారు. శిరీషా, నా కాళ్ళ మీద ఒక పిల్ల పడుకోవడం అదే మొదటిసారి. ఎంత వెచ్చగా ఉందో! చెయ్యి, మోచెయ్యి, వీపు, అన్నీ సరిగ్గానే చేశాను. తల దగ్గరికి వచ్చేసరికి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాలన్న సంగతి మర్చిపోయాను. నలభైసార్లు చెప్పారు ఆవిడ! కుంకుడు రసం మొత్తం పిల్ల కళ్ళలోకి జారింది.

చిట్టి ఏడవలేదు. తల ఎత్తింది. మెడ తిప్పి నన్ను చూసింది. కుడి చెయ్యి పైకెత్తి, అచ్చం వాళ్ళ నాన్నమ్మ గొంతుతో,

"ఫో!"

కోళ్ళు పారిపోయాయి. నిజం! ఆ గొంతుకి అవి అలవాటుపడి ఉన్నాయి.

"ఏమందీ?" అన్నారు బంగారమ్మ గారు.

"నన్ను పొమ్మందండీ!"

"మళ్ళీ అను తల్లీ!"

"ఫో!"

చెంబు ఎక్కడ పడిందో, నేనెలా లేచానో తెలియదు. తడి పిల్లని ఎత్తుకుని పెరడంతా గెంతాను. "నన్ను పొమ్మందండోయ్! నన్ను పొమ్మంది!" చెట్టు మీదున్న దింపు మనిషి కంగారుపడి, "ఎవర్ని కొట్టేరండీ?" అని పైనుంచి కేకేశాడు. పద్మ పరిగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయికీ ఒక "ఫో" దక్కింది. తోటలోంచి వచ్చిన శ్రీనుకి ఒకటి. చిట్టికి మజా తెలిసిపోయింది. మమ్మల్నందర్నీ వరసపెట్టి పొమ్మంటోంది, మేం వరసలో నిలబడి పొమ్మనిపించుకుంటున్నాం!

ఆ గోలకి పద్మ అన్నగారు కూడా పెరట్లోకి వచ్చారు. చిట్టి నా చంకలోంచి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఫో!"

బంగారమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని గొంతు సవరించుకున్నారు. "విన్నారుగా బాబూ. ఇంటి ఆడపిల్ల పొమ్మంటోంది. ఇంక నేనేం చెయ్యను? భోంచేసి వెళ్ళండి."

అప్పుడు పద్మ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, అత్తగారి ఎదుట, ఇల్లు మోగేలా నవ్వింది. ఆ నవ్వు ఏరు దాటి గన్నవరం రేవులో కూడా వినపడి ఉంటుంది.

ఒకటి మర్చిపోకు

ఆ తరవాత నెలలోపే "చెయ్యి" వచ్చింది, "చెంబు" వచ్చింది, "ఒకటీ రెండూ" వచ్చాయి. తరవాత ఆ పిల్లని ఆపినవాళ్ళు లేరు.

అయితే లాల పొయ్యడం వల్లే మాటలొచ్చాయని నువ్వు ఊళ్ళో చెప్పకు. కొంతమంది పిల్లలకి ఆలస్యంగా వస్తాయి, వాటంతటవే వచ్చేవేమో, నాకు తెలియదు. మాట రాని పిల్లని చూస్తే మొదట చెవులు చూపించు. చూపించేముందు దూది తియ్యి. నీకు ఏ అనుమానం వచ్చినా తల్లిని పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పు, పెరట్లో నిలబడి అరవకు. నా ఒక్క కేక ఒక కాపురాన్ని రేవు దాకా తీసుకెళ్ళింది. పిల్ల పుణ్యమా అని అది రేవు దాటలేదు. అన్నిసార్లూ అలా జరగదు.

ఆ రోజు నుంచి నేను ఎప్పుడు ఆ ఇంటికి వెళ్ళినా, తిరిగి వచ్చేటప్పుడు బంగారమ్మ గారు "ఫో" అనేవారు. నేను "ఆయ్, వెళ్ళొస్తానండీ" అనేదాన్ని. కాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా అది మాత్రం ఉండేది. ఆఖరి రోజు ఆవిడకి మాట సరిగ్గా రావడం లేదు. అన్నం వద్దనడానికీ నీళ్ళు అడగడానికీ చేత్తోనే సైగ చేస్తున్నారు. చిట్టికి పదిహేనేళ్ళు, మంచం పక్కన కూర్చుని ఆపకుండా కబుర్లు చెబుతోంది. నేను లేచి గుమ్మం దాకా వచ్చాను. ఆవిడ చెయ్యెత్తడం చూసి ఆగాను. చాలాసేపు పట్టింది. అయినా సరే, ఊపిరంతా కూడదీసుకుని, ఆ ఒక్క మాటా నోటితోనే అన్నారు.

చాలు శిరీషా, ఇంక కలం ఆపు. ఏదీ, మొదటినుంచి ఒకసారి చదువు, వింటాను. "ఫో" అని ఉన్నచోట మాత్రం అలా గొణక్కు. గొంతెత్తి చదువు. మన పెరట్లో కోళ్ళు బెదరాలి.